చర్మపు బొబ్బలు – సుబ్బారావుగారి ఔషధములు

నిప్పు తగిలిన చేతిపై బొబ్బ లేచును. కొత్త చెప్పు కరచినను లేచును. ఇవి నాలుగు దినములలో మానిపోవును. కాని ఏ దెబ్బయు తగులకయే నోటియందు, వీపుపైన బొబ్బలు లేచి చితికిపోవు వ్యాధులు కొన్ని కలవు. వానిలో ముఖ్యమైనవి పెంఫిగస్, పెంఫిగాయిడ్ అనునవి. ఇవి అంటువ్యాధులు కావు. రోగిని తాకినవారికి రావు. తెలియక రోగిని దూరముంచుట అన్యాయము. వీని చికిత్సకు వాడు మందులలో కొన్నిటికి మూలము మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాలలో నున్నది.

ముందుగా వ్యాధి కారణమును చూతము. 1953లో లీవర్ అను వైద్యుడు ఈ రెండు వ్యాధులు వేరువేరని నిరూపించెను. పెంఫిగస్‌లో పైచర్మపు కణములు ఒకదానినుండి మరొకటి విడిపోవును; ఇటుకల నడుమ సున్నము ఊడినట్లన్నమాట. పెంఫిగాయిడ్‌లో పైచర్మమంతయు అడుగుపొరనుండి లేచిపోవును. గోడ పునాదిని వదలినట్లు. 1964లో బ్యూట్నర్, జోర్డన్ అనువారు పెంఫిగస్ రోగుల రక్తములో పైచర్మపు కణముల నడుమ అంటుకొను ప్రతిరక్షకములను కనుగొనిరి. 1991లో ఆ ప్రతిరక్షకముల గురి తెలిసినది. అది కణములను కలిపియుంచు డెస్మోగ్లీన్ అను మాంసకృత్తు.

ప్రతిరక్షకములను తయారుచేయునవి బీ-కణముల సంతతి. వానిని ప్రోత్సహించునవి టీ-కణములు. రెండును తెల్లకణములే. సాధారణముగ స్వదేహముపైకి పోవు కణములను శరీరము నశింపజేయును, లేదా అదుపులో నుంచును. ఆ అదుపు తప్పినపుడు కాపలావాడే ఇంటిని దోచినట్లగును. పెంఫిగస్‌లో ప్రతిరక్షకము అంటుకొనుటతోనే కణముల పట్టు సడలును. పెంఫిగాయిడ్‌లోనో, ప్రతిరక్షకము ఇయోసినోఫిల్, న్యూట్రోఫిల్ కణములను పిలిచికొనివచ్చును. అవి విడుదల చేయు ఎంజైములు చర్మపు పునాదిని కోసివేయును.

ఇక సుబ్బారావుగారి కథ. ఆయన 1895లో జన్మించిరి. మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో నెగ్గిరి. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అను ప్రేగుల వ్యాధి బలిగొన్నది. 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరిన తరువాత ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనది. స్ప్రూ రోగులకు అది మేలు చేసెను. ఫోలిక్ ఆమ్లమునకు రూపములో పోలినట్లుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును అక్కడనే పుట్టినవి. 1948లో ఫార్బర్ వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికముగనైనను గుణము చూపెను. అదే ఏట ఆ శాలనుండి ఆరియోమైసిన్ వెలువడెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున అదియే మొదటిది.

ఈ మందులు చర్మవ్యాధులకు ఎట్లు వచ్చినవి? కార్టిసోన్ రాకమునుపు పెంఫిగస్ సోకినవారిలో అధికులు మరణించెడివారు. 1950 తరువాత ఆ జాతి మందులు ప్రాణములు నిలిపినవి. కాని ఎక్కువ మోతాదులో చిరకాలము వాడిన ఎముకలు గుల్లబారును, మధుమేహము వచ్చును. ఆ మోతాదును తగ్గించుటకై 1960 దశకమున మెథోట్రెక్సేట్‌ను తోడుచేసి చూచిరి. ఇది వేగముగ వృద్ధిచెందు కణములను, రక్షక కణముల ఉద్రేకమును అణచును. చర్మవ్యాధులలో దీనిని వారమున కొక్కమారే ఇత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. తోడుగ ఫోలిక్ ఆమ్లపు మాత్రయు ఇత్తురు. విరుద్ధములైన ఆ రెండు మందులు ఒకే శాలనుండి వచ్చినవే!

టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందిన డాక్సిసైక్లిన్‌ను పెంఫిగాయిడ్ రోగులపై బ్రిటన్, జర్మనీలలో పరీక్షించి 2017లో ఫలితములు ప్రకటించిరి. ఆరు వారములలో నూటికి 74 మందికి బొబ్బలు అదుపులోనికి వచ్చినవి. కార్టిసోన్ జాతి మందైన ప్రెడ్నిసొలోన్‌తో 91 మందికి వచ్చినవి. అయినను ఏడాదిలో తీవ్రమైన కీడు డాక్సిసైక్లిన్ వాడినవారిలో 18 మందికే, రెండవ మందు వాడినవారిలో 36 మందికి కలిగెను. బీ-కణములను తొలగించు రిటుక్సిమాబ్‌కు 2018లో అమెరికా ప్రభుత్వము పెంఫిగస్ చికిత్సకు అనుమతి నిచ్చెను.

1948లో సుబ్బారావుగారు మరణించునాటికి ఈ బొబ్బల కారణమెవరికిని తెలియదు. రక్తహీనతకై వెదకిన దారి చర్మవ్యాధికి చేరినది. పరీక్ష తప్పిన విద్యార్థికి ఉపాధ్యాయులు చెప్పదగిన కథ యిది.