ట్రాక్టరు ట్రాలీలో జామాయిల్ కర్ర రవాణా

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో జామాయిల్ కర్రను పొలాల నుండి ట్రాక్టరు ట్రాలీలలో తరలించటం సాధారణం. యూకలిప్టస్ లేదా నీలగిరి చెట్టునే ఈ ప్రాంతంలో జామాయిల్ అంటారు. ఈ రవాణాలో ట్రాక్టరు ఎంత బరువును లాగగలదు అనే దానికంటే ఎంత బరువును ఆపగలదు అనేది ముఖ్యం.

నేపథ్యం

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి కుడిగట్టున గల సారపాకలో భద్రాచలం పేపర్ బోర్డ్స్ కర్మాగారం 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. 2002లో ఇది ఐ.టి.సి. సంస్థలో విలీనమైనది. తొలినాళ్ళలో అడవి వెదురు, కలప దీనికి ముడిసరుకు. తరువాత రైతులు పెంచిన జామాయిల్, సుబాబుల్ కర్రకు ప్రాధాన్యం పెరిగినది. జామాయిల్ తోటను సుమారు నాలుగేళ్ళకు నరికి, బెరడు ఒలిచి, కర్రను ముక్కలు చేస్తారు. లారీ వెళ్ళలేని మట్టి దారులలో ట్రాక్టరే ఆధారం. పచ్చికర్ర బరువులో దాదాపు సగం నీరే. కావున ఒకే ఎత్తున పేర్చినా ఎండుకర్ర కంటే చాలా ఎక్కువ తూగుతుంది.

లాగే విధానం

ట్రాలీ ముందుభాగంలోని ఇనుప దూలాన్ని ట్రాక్టరు వెనుక హుక్కుకు పిన్నుతో కలుపుతారు. రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత హుక్కుపై పడుతుంది. కర్రను వెనుకవైపు ఎక్కువగా పేర్చితే దూలం పైకి తన్ని, ట్రాక్టరు వెనుక చక్రాలకు నేలపై పట్టు తగ్గుతుంది. మోయలేని బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ముందు చక్రాలు తేలి, స్టీరింగు అదుపు తప్పుతుంది.

ఆపటంలో ప్రమాదం

చాలా ట్రాలీలకు స్వంత బ్రేకులు ఉండవు. 2 టన్నుల ట్రాక్టరుకు 6 టన్నుల ట్రాలీ తగిలించినచో మొత్తం 8 టన్నులను ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. అదే బ్రేకు బలంతో, అదే వేగంలో ఆగటానికి సుమారు 4 రెట్లు దూరం పడుతుంది. వేగం రెట్టింపైనచో ఆ దూరం మరల 4 రెట్లగును. పల్లంలో ట్రాలీ ట్రాక్టరును వెనుక నుండి నెట్టి, పక్కకు మడిచి బోల్తా కొట్టించగలదు. అమెరికాలో డీజిల్ పికప్ ట్రక్కులతో బరువైన ట్రైలర్లను లాగుతారు. అక్కడ పలు రాష్ట్రాలలో సుమారు 1,360 కిలోలు దాటిన ట్రైలరుకు స్వంత బ్రేకులు తప్పనిసరి.

జాగ్రత్తలు

* ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. దుక్కిలో మలుపులకు ఇది అనుకూలం. రోడ్డుపై మాత్రం రెండింటినీ కొండితో కలపాలి. లేనిచో ఒక చక్రమే ఆగి బండి తిరగబడవచ్చు.
* పల్లం మొదలు కాకముందే తక్కువ గేరులోకి మార్చాలి. దిగునప్పుడు క్లచ్ నొక్కరాదు, న్యూట్రల్‌లో వేయరాదు.
* హుక్కు పిన్నుతో పాటు రక్షణ గొలుసు తగిలించాలి. రాత్రివేళ కనబడుటకు ట్రాలీ వెనుక రిఫ్లెక్టర్లు ఉండాలి.
* కర్ర మోపులపైన గాని, ట్రాక్టరు మడ్‌గార్డుపైన గాని కూలీలను కూర్చోబెట్టరాదు.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. 2019 సవరణ ప్రకారం 194వ సెక్షను అధిక బరువుకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు 2,000 రూపాయల జరిమానా నిర్దేశిస్తున్నది.