‘రిలక్ట్’ అను ఆంగ్లక్రియ

ఆంగ్లమున ‘రిలక్టెంట్’ అను విశేషణము నెఱుగని విద్యార్థి లేడు. దానికి తోడైన ‘రిలక్ట్’ అను క్రియను మాత్రము నేటి గ్రంథములలో వెదకి పట్టుకొనవలసినదే. విశేషణము నిలిచి క్రియ జాఱిపోవుటచే నొక చిక్కు కలిగినది. తులనాత్మక సాహిత్య పాఠములో మిల్టన్ ప్రయోగమునకు ‘ఇష్టము లేక’ అని అర్థము చెప్పి సాగిపోవుదుము. నేనును కొన్నేండ్లు అట్లే చెప్పితిని. ఈ క్రియాచరిత్రమును పరిశీలించిన పిమ్మట అది చాలదని తెలిసినది.

లాటినున ‘లుక్తారి’ యనగా మల్లయుద్ధము చేయుట. ‘ఎదురు’ అను భావముగల ‘రె’ దానికి ఉపసర్గగా చేరి ‘రెలుక్తారి’ ఐనది. ఇది మనస్సులోని అయిష్టము కాదు. దేహము దేహముతో పట్టుపట్టుట. వర్జిల్ ‘ఏనియడ్’ ప్రథమసర్గమున గుహలో బంధింపబడిన గాలుల పెనుగులాటకు ఈ ధాతువునే వాడెను. ద్వితీయసర్గమున ట్రాయి నగరమునకు మూడిన కాలమును, పెనగియు తప్పించుకొనరానిదని దీనితోనే విశేషించెను. ఆ విశేషణమే ఆంగ్లమున ‘ఇనెలక్టబుల్’. వంచుట, మెలిపెట్టుట అను అర్థముగల ఇండో-యూరోపీయ మూలము నుండి ‘లుక్తారి’ పుట్టినదని నిరుక్తకారులు పలువురు తలతురు. వంగెడు కొమ్మను చెప్పు గ్రీకు ‘లుగోస్’ దానికి చుట్టము.

ఇచట మన ‘పెనగు’ జ్ఞప్తికి రాక మానదు. పెన యనగా మెలి. తీగలు పెనవేసికొనును, జెట్టులు పెనగుదురు. తమిళమున ‘పిణంగు’ సైతము అల్లుకొనుట, కలహించుట అను రెండర్థముల నిచ్చును. రెండు భాషాకుటుంబములకు చుట్టఱికము కలదని నేననను. అట్టి తొందరపాటు మన భాషాచరిత్రకు చేసిన చెఱుపు చాలును. గోదాలో కాలుసేతులు పెనవేసికొనుట చూచినవారి కెవరికైనను తోచు పోలిక యిది.

ఆంగ్లమున ఈ క్రియ 16వ శతాబ్దమున కనబడును. విశేషణము 17వ శతాబ్దిది. మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ (1667) ఆఱవ సర్గమున పొగచుట్టల నడుమ మంట యిట్లే పెనగును. పదవ సర్గమున (1674 నాటి పండ్రెండు సర్గముల కూర్పు ననుసరించి చెప్పుచున్నాను) సైతాను సర్పముగా మాఱునపుడు చేతులు ప్రక్కటెముకల కంటుకొనును, కాళ్లు ఒకదాని నొకటి చుట్టుకొనును, అతడు నేలకూలును. ఆ కూలుటకు కవి వాడిన ‘సప్లాంటెడ్’ అను మాట లాటినున అరికాలిని చెప్పు ‘ప్లాంటా’ నుండి వచ్చినది: మడమ తప్పించి పడగొట్టుట యని అర్థము. వెంటనే వచ్చు ‘రిలక్టెంట్’ అట్టి మల్లుని పలుకే. ‘ఇష్టము లేక’ అన్నచో ఈ గోదా యంతయు మాయమగును.

తరువాతి కాలమున అయిష్టార్థమే ప్రబలినది. ఐనను చార్లెస్ లాంబ్ 1821లో నూతనసంవత్సరపు మునిమాపును గూర్చిన వ్యాసమున, తప్పని విధిగతికి తాను ఎదురు తిరుగుదునని చెప్పుటకు ఈ క్రియనే ఎన్నుకొనెను. 1888లో ఆలివర్ హెవిసైడ్ అయస్కాంతవలయమున కలుగు ప్రతిబంధమునకు ‘రిలక్టెన్స్’ అను పేరు పెట్టెను. ఇనుమునకు ఇష్టానిష్టములు లేవు గదా! పాత అర్థము సాహిత్యశాలలో కంటె విద్యుచ్ఛాస్త్రమున క్షేమముగా నున్నది.

ఈ యేడు తరగతిలో ఆ పదవ సర్గపు చోట ‘పెనగియు వృథయై’ అని వ్రాయించితిని. నేను ‘ఇష్టము లేక’ అని చెప్పిన పాత నోటుపుస్తకములు ఇంకను విద్యార్థుల చేతులు మాఱుచునే యున్నవి.