పరభాషకు రెండు ద్వారములు



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుగారి యెదుట సూత్రములను ముందు వల్లించి, వాని యర్థమును పిమ్మట గ్రహించితిని. కావున ఏ భాషకైనను వ్యాకరణమే ద్వారమని చిరకాలము నమ్మితిని. ఆ నమ్మకమును సవరించిన రెండు చరిత్రలను నేడు మనవి చేసెదను.

కుంపిణీవారు 1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాలను స్థాపించిరి. సీమనుండి వచ్చిన యువకోద్యోగులకు దేశభాషలు నేర్పుటకే అది యేర్పడినది. అచటివారికి ఉపయోగపడుటకై కాంబెల్ దొర 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. అది చాలవరకు మన లాక్షణికుల మార్గమునే అనుసరించినది. 1817లో చెన్నపట్టణము చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు చదువ నారంభించెను.

1820లో ఆయన కడపకు ఉద్యోగియై వచ్చెను. పుస్తకములో ‘వచ్చెను’ అని యుండును. కచేరీ మెట్లెక్కిన రైతు ‘వచ్చినాడు’ అనును. సూత్రము తెలిసినంత మాత్రమున ఫిర్యాదు తెలియదు గదా! అచటి కలెక్టరు హాన్‌బరీ దొర తెలుగును ధారాళముగా మాటలాడుట చూచి బ్రౌనునకు పట్టుదల హెచ్చెను. అట్లని ఆయన శాస్త్రమును విడువలేదు. ఛందస్సును సాధించి 1827లో దానిపై గ్రంథము ప్రకటించెను. వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. కడపలో బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులకు జీతములిచ్చి, అప్పులపాలయ్యెను. 1852లో వెలువడిన ఆయన నిఘంటువులో కావ్యపదముల ప్రక్కనే వాడుక పలుకులును గలవు. సూత్రముతో మొదలిడి ఆయన చెవిని దానికి జతపరచెను.

రెండవ చరిత్ర మనవారిదే. గిడుగు రామమూర్తి పంతులుగారు, నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. సమీపపు కొండలలోని సవరల భాషను నేర్వవలెనని ఆయనకు తోచెను. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. ముందుగా వల్లించుటకు సూత్రములును లేవు. సవరభాష వచ్చిన యొకనిని ఇంట నుంచుకొని, వినుచు, పలుకుచు, తప్పులు దిద్దించుకొనుచు నేర్చిరి. చెవితో కూడబెట్టిన దానినే పిమ్మట నియమములలో నమర్చి, 1931లో సవరభాషా బోధినిని, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండలలో సోకిన చలిజ్వరమునకు క్వయినా వాడగా ఆయనకు చెవుడు వచ్చెను. భాషను తెచ్చిపెట్టిన చెవియే పోయినను పని మానలేదు. నేను వాడుచున్న ఈ గ్రాంథికమును ఆయన చివరివరకు ఖండించిరి. నాబోటివాడు ఆయనను పొగడుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఋణము ఋణమే.

ఈ సంగతి నాకు ఆలస్యముగా బోధపడినది. నేను కొంతకాలము హిందీ పాఠము చెప్పితిని. తరగతిలో ఒక బాలుడు లింగనియమములన్నియు అప్పజెప్పును, మంచినీళ్లడుగుమన్న తడబడును. మరియొకడు రైలు స్టేషను యొద్ద తండ్రి టీ దుకాణములో పెరిగినవాడు. ‘గాడీ ఆయీ’ అని తప్పులేకుండ పలుకును. ‘ఆయా అని యేల యనరాదు?’ అని యడిగితిని. ‘అట్లనరండీ’ అనెను. సూత్రము చెప్పలేదని వానికి సున్న వేసి, అందరియెదుట మందుడంటిని. నెల తిరుగకుండ వాడు బడి మానెను.

కొన్నియేండ్లకు ఆ స్టేషనులో దిగితిని. వాడు ఉత్తరదేశపు యాత్రికులకు సత్రమునకు దారి చెప్పుచుండెను. చాటుగా నిలిచి వింటిని. ఒక్క లింగదోషమును లేదు. నన్ను చూచి లేచి నమస్కరించి, టీ యిచ్చి, డబ్బులు పుచ్చుకొనలేదు. ఆ టీ మ్రింగుట నాకు కష్టమైనది.

పెద్దలారా, మీ మనుమలు ఇంగ్లీషో హిందీయో చదువుచుందురు. ఒకడు నియమము తెలిసినగాని నోరు విప్పడు. ఒకడు వినినగాని నియమమును పట్టుకొనలేడు. మొదటివానిని మాటలాడనిండు. రెండవవాడు సరిగా పలికిన మాటనే చూపి, అందలి నియమమును వానికి తెలుపుడు. ఎవనిని మందుడనకుడు. నేనన్న మాటను మరల తీసికొనుటకు నాకు అవకాశము దొరకలేదు.