జాగిలం చెప్పిన సాక్ష్యం



‘వాసన’ అన్న మాటకు మనకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. ముక్కుకు తెలిసేది ఒకటి. మనస్సులో మిగిలిపోయేది మరొకటి. పూర్వవాసన, జన్మవాసన అంటాము గదా, అది. మనుష్యులమైన మనకు ఇవి వేరువేరు. కుక్కకు మాత్రం రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది. నిన్న ఈ దారిన ఎవరు పోయారో దానికి ఈనాటి నేల చెబుతుంది. తర్కసంగ్రహం వ్రాసిన మన ఆంధ్రుడు అన్నంభట్టు గంధాన్ని పృథివికి లక్షణంగా చెప్పాడు. ఆ శాస్త్రాన్ని చదవకుండానే ఆచరించే ప్రాణి, నేలకు ముక్కు ఆనించి నడిచే శునకం.

కుక్కకు సంస్కృతంలో ఉన్న పేర్లలో ‘సారమేయం’ ఒకటి. సరమ సంతానం కనుక సారమేయం. ఈ సరమ దేవతల కుక్క. ఋగ్వేదం పదవ మండలంలోని నూట ఎనిమిదవ సూక్తం సరమకూ పణులకూ జరిగిన సంవాదం. పణులు గోవులను దాచివేశారు. ఇంద్రుడు సరమను పంపాడు. ఆమె రసానదిని దాటి, జాడ పట్టి, వారి దగ్గరకే వెళ్ళి నిలిచింది. పణులు ఆమెను మంచి చేసుకొన జూశారు. తమ చెల్లెలివి కమ్మన్నారు. ఆమె లొంగలేదు. దొంగసొత్తు జాడ తీయడానికి కుక్కను పంపడం, అది పోయి ఆచూకీ తెలపడం మన వాఙ్మయంలో అంత పాతది.

ఆ సరమే మహాభారతం ఆరంభంలో మళ్ళీ కనిపిస్తుంది. జనమేజయుని యజ్ఞవాటికకు ఆమె కొడుకు వచ్చాడు. జనమేజయుని తమ్ములు వాణ్ణి కొట్టారు. వాడు హవిస్సును చూడలేదు, నాకలేదు. తల్లి వచ్చి రాజునే నిలదీసింది: నిరపరాధిని ఎందుకు కొట్టారు? జవాబు లేదు. అనుకోని భయం మీకు కలుగుతుందని పలికి ఆమె వెళ్ళిపోయింది. నన్నయభట్టు దీనిని ఆదిపర్వం ప్రథమాశ్వాసంలో తెనిగించాడు. భారతం చివర ధర్మరాజు వెంట నడిచేదీ ఒక కుక్కే; దానిని తెనిగించినవాడు తిక్కన. ఒక కుక్కకు జరిగిన అన్యాయంతో మొదలైన గ్రంథం, ఒక కుక్కను విడిచిపెట్టనన్న ధర్మనిష్ఠ దగ్గరకు వచ్చి ముగింపును చేరుకుంటుంది.

మా ప్రాంతం సంగతి చెప్పాలి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 వరకు వరంగల్లు జిల్లాలోనివే. జనగామకు చేరువలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. ఆయన బసవపురాణంలో ఒక కుక్క వేదం చదువుతుంది. లోకం దేనిని అపవిత్రమంటుందో దాని నోటనే పవిత్రవాక్కును పలికించడం ఆ కథలోని చమత్కారం, అధిక్షేపం కూడా.

ఇక ‘జాగిలం’. ఇది వేటకుక్కకు పేరు. ధూర్జటి తిన్నని వేటలోనూ, పెద్దన స్వరోచి వేటలోనూ జాగిలాల సందడి ఉంటుంది. ప్రబంధాల అడవి నుంచి ఈ మాట నేరుగా వార్తాపత్రికల్లోకి వచ్చి ‘పోలీసు జాగిలం’ అయింది. తెలుగు మాటలలో ఇంత చక్కగా కొత్త కొలువు సంపాదించుకున్నవి కొన్నే. మరొక విచిత్రం చూడండి. 1989లో ఉమ్మడి రాష్ట్రంలో నక్సలైట్ల కోసం కె.ఎస్. వ్యాస్ ఏర్పాటు చేసిన దళానికి ‘గ్రేహౌండ్స్’ అని పేరు పెట్టారు. మా అడవి పల్లెలకు ఆ పేరు బాగా తెలుసు. కానీ గ్రేహౌండు వాసనతో వేటాడే జాతి కాదు. కంటితో చూసి, పరుగుతో పట్టే జాతి.

వాసనతో పట్టే జాగిలం ముక్కులో ఏముంది? మనిషి ముక్కులో వాసనను గ్రహించే కణాలు సుమారు 50, 60 లక్షలు. కుక్కకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. ఆ గ్రాహకాలను నిర్మించే జన్యువులు మనలో పనిచేసేవి నాలుగు వందలకు అటూ ఇటూ. కుక్కలో దాదాపు రెట్టింపు. వాసనను గ్రహించే ఈ గ్రాహకాలను కనుగొన్నందుకే 2004లో రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు నోబెల్ బహుమానం వచ్చింది.

సంఖ్య కంటే నిర్మాణం ఇంకా గొప్పది. కుక్క పసిగట్టేటప్పుడు సెకనుకు నాలుగైదు సార్లు గాలి పీలుస్తుంది. లోపలికి పోయిన గాలిలో ఒక పాయ ఊపిరికీ, మరొక పాయ ముక్కు వెనుక భాగాన వాసన కోసమే ఉన్న గదికీ పోతాయి. విడిచే గాలి ముక్కుపుటాల ప్రక్కనున్న చీలికల గుండా బయటికి పోతుంది. అందుచేత విడిచే ఊపిరి ఎదుటి వాసనను చెదరగొట్టదు. 1993లో నార్వే శాస్త్రజ్ఞులు జాడ తీసే కుక్కలను పరీక్షించి చూశారు. మనిషి ఏ వైపు నడిచిపోయాడో తేల్చుకోవడానికి వాటికి రెండు నుంచి ఐదు అడుగుజాడలు, మూడు నుంచి ఐదు సెకన్ల కాలం చాలాయి. ఒక అడుగు కంటే తరువాతి అడుగు ఏ కొంచెమో తాజాది. ఆ తేడా దానికి అందుతుందన్న మాట.

ఇంతటి ముక్కు గల ప్రాణి మాట సాక్ష్యంగా చెల్లుతుందా? ఇక్కడ నా సొంత జ్ఞాపకం ఒకటి చెప్పక తప్పదు.

1984లో మహబూబాబాదు వైపు ఒక పల్లె పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాను. ఊళ్ళో ఒక పెద్దింట నగలు పోయాయి. జాగిలాన్ని తెచ్చారు. ఊరంతా జాతరలాగా మూగింది. అందులో నేనూ ఉన్నాను. అది నగల పెట్టెను వాసన చూసి, సందులు తిరిగి, ఆ ఇంటి జీతగాని గుడిసె ముందు కూర్చున్నది. అంతే. విచారణ ఏదీ లేకుండానే ఊరు అతణ్ణి కొట్టింది. అతని కొడుకు నా తొమ్మిదో తరగతి విద్యార్థి. ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి అన్నాడు:

“సార్, రోజూ ఆళ్ళింట్ల ఊడ్సేది, పెట్టెలు ఎత్తి దించేది మా నాయినే గద. ఆ పెట్టెకు మా నాయిన వాసన లేకుంటే ఎట్లుంటది?”

నేను జవాబు చెప్పలేదు. పెద్దల దగ్గరకు పోయి ఆ మాట అననూ లేదు. కొత్త ఉద్యోగం, పరాయి ఊరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొన్ని నెలలకు ఆ నగలు ఆ ఇంటి బంధువు దగ్గరే దొరికాయి. పిల్లవాడు మాత్రం అప్పటికే బడి మానివేశాడు. సరమోపాఖ్యానం నాకు కంఠస్థం. నిరపరాధిని కొట్టినప్పుడు అందులోని ఒక్క పద్యమూ నాకు జ్ఞాపకం రాలేదు.

జాగిలం అబద్ధం చెప్పలేదు. పెట్టె మీద ఉన్న వాసన అతనిదే. ‘ఈ వాసన ఇతనిది’ అని మాత్రమే అది చెప్పింది. ‘ఇతడు దొంగ’ అన్నది మనుష్యుల వ్యాఖ్యానం. మూలానికీ వ్యాఖ్యానానికీ భేదం తెలియవలసినవాడు పండితుడు. ఆ భేదం నాకు కాక నా విద్యార్థికి తెలిసింది.

2001లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక క్రిమినల్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే విషయాన్ని విచారించింది. కుక్క కూడా పొరబడవచ్చు. కుక్కకూ దానిని నడిపేవానికీ మధ్య అవగాహన తప్పవచ్చు. నడిపేవాడు తప్పుగా చెప్పనూవచ్చు. కనుక జాగిలం చూపింది దర్యాప్తుకు దారి కావచ్చు గాని, న్యాయస్థానాలు ఆ సాక్ష్యానికి అంత విలువ ఇవ్వనక్కర లేదని తేల్చింది. బోనెక్కి ప్రమాణం చేయలేని, ఎదురు ప్రశ్నకు బదులివ్వలేని సాక్షి అది. ఆ తీర్పు సంగతి తెలిసిన రోజున నాకు పదిహేడేళ్ళ నాటి ఆ పిల్లవాని ముఖమే కళ్ళ ముందు నిలిచింది.

దీనివల్ల జాగిలం విలువ తగ్గదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. బురద, నీరు, ఇనుము కలిసిపోయిన ఆ చీకటిలో యంత్రాలు వెతుకుతూ ఉండగా కేరళ పోలీసుల ‘మాయ’, ‘మర్ఫీ’ అనే జాగిలాలను రప్పించారు. అవి చూపిన తావులలో త్రవ్వుతూ పోగా మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. ఒక కుటుంబానికి కడసారి చూపు దక్కింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో, ఒకప్పటి భూపాలపల్లి జిల్లా నుంచి 2019లో విడివడిన ములుగు జిల్లా అంచున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద గాలింపు జరిగింది. మందుపాతరలను పసిగట్టడానికి వెళ్ళిన కేంద్ర రిజర్వు పోలీసు దళపు ఆడ జాగిలం ‘రోలో’ మీద తేనెటీగల గుంపు పడింది. నడిపేవాడు పాలిథీన్ పట్టా కప్పి కాపాడబోయాడు. ఈగలు లోపలికీ దూరాయి. సుమారు రెండు వందల కాట్లు పడ్డాయి. ఏప్రిల్ 27న అది చనిపోయింది. దాని వయస్సు రెండేళ్ళు. ఎవరిది ఆ యుద్ధం, ఎవరికి దానిలో జయం అన్నది దానికి తెలియదు. వాసన చూడమన్నారు, చూసింది.

సరమ అడిగిన ప్రశ్నకు జనమేజయుడు జవాబు చెప్పలేకపోయాడు. మా పల్లెలో ఆ సాయంత్రం నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేనూ చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ నాలుగు మాటలు అతనికి చెల్లించవలసిన బాకీలో ఏ కొంచెమో.

తప్పులుంటే పెద్దలు సవరించగలరు. మీ వైపు కుక్క జాడ తీయడానికి వేరే మాటలేవైనా వాడుకలో ఉంటే తెలుపగోరుతాను.