శ్రీ సిటీ చుట్టుపక్కల: బ్రౌజర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల కథ

వెబ్ పేజీలనే అప్లికేషన్లుగా నడిపే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రలో శ్రీ సిటీ పేరు నేరుగా కనిపించదు. వాటికి గట్టి పోటీ ఇచ్చిన చవక ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం ఇక్కడే తయారయ్యాయి. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, చెన్నైకి సుమారు 55 కి.మీ. ఉత్తరాన 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోది.

గూగుల్ 2009 జులైలో క్రోమ్ ఓఎస్‌ను ప్రకటించింది. 2011లో ఏసర్, శాంసంగ్‌ల క్రోమ్‌బుక్‌లు మార్కెట్లోకి వచ్చాయి. పని ఎక్కడో సర్వర్లో జరిగిపోతే చేతిలో ఉన్న యంత్రానికి పెద్ద ప్రాసెసర్, పెద్ద డిస్క్ ఎందుకన్నది వాటి వెనకున్న లెక్క. మొజిల్లా ఇదే లెక్కను ఫైర్‌ఫాక్స్ ఓఎస్ పేరుతో ఫోన్లలోకి తెచ్చింది. 2014 ఆగస్టులో ఇంటెక్స్ సంస్థ దానితో క్లౌడ్ ఎఫ్ఎక్స్ అనే ఫోన్‌ను రూ.1,999కి అమ్మింది. ర్యామ్ 128 ఎంబీ, నెట్‌వర్క్ 2జీ. వెబ్ మీదే బతకాల్సిన ఫోన్‌కు 2జీతో సరిపెట్టడం ఎలా చూసినా అర్థం కాని నిర్ణయం.

అదే ఏడాది నవంబరులో చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో నోకియా ఫోన్ల కర్మాగారం మూతపడింది. మరుసటి ఏడాది ఫాక్స్‌కాన్ శ్రీ సిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ బిగించిన షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైంది. ధర రూ.6,999, ర్యామ్ 2 జీబీ. అంటే క్లౌడ్ ఎఫ్ఎక్స్‌కు మూడున్నర రెట్లు డబ్బు, పదహారు రెట్లు మెమరీ. మెమరీ ఇలా చవకవుతూ పోతే తేలికదనానికి విలువేముంటుంది? ఆ డిసెంబరులోనే మొజిల్లా ఫోన్ల వ్యాపారం నుంచి తప్పుకుంది.

ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ మాత్రం కైఓఎస్‌గా మిగిలింది. 2017లో రూ.1,500 డిపాజిట్‌తో వచ్చిన 4జీ జియోఫోన్‌లో నడిచింది అదే. 2018లో వాట్సాప్ కూడా అందులోకి వచ్చింది. 2021లో రూ.6,499కి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌కు మాత్రం రిలయన్స్ ఆండ్రాయిడ్‌నే ఎంచుకుంది.

ల్యాప్‌టాప్‌ల దారి వేరు. 2023 అక్టోబరులో చెన్నై దగ్గరి ఫ్లెక్స్ కర్మాగారంలో హెచ్‌పీ క్రోమ్‌బుక్‌ల తయారీ మొదలైంది. శ్రీ సిటీకి ఆ అవకాశం రాలేదు. ఇదే తరహా సిస్టమ్ అయిన వెబ్‌ఓఎస్ హక్కుదారు ఎల్జీ 2025 మేలో ఇక్కడ రూ.5,001 కోట్ల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది కానీ, ప్రణాళికలో ఉన్నవి ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, కంప్రెసర్లు. ఆ సిస్టమ్‌తో నడిచే టీవీలు లేవు. క్రోమ్ ఓఎస్‌ను ఆండ్రాయిడ్‌తో కలిపేస్తున్నట్టు అదే ఏడాది గూగుల్ చెప్పింది.