నూలు కోసం పుట్టిన ఏసీ

ఏసీ అనగానే మనకు చల్లదనమే స్ఫురిస్తుంది. కానీ ఆ యంత్రం కథ మనిషి చెమటతో మొదలు కాలేదు. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. వేసవి తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద మరొక రంగు కుదరక, అచ్చు చెడిపోతూ ఉండేది. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజినీరు చల్లని గొట్టాల మీదుగా గాలిని నడిపి, అందులోని నీటిని రాబట్టే ఏర్పాటు చేశాడు. నాలుగేళ్ళ తరువాత, 1906లో, ఉత్తర కరోలినాకు చెందిన స్టూవర్ట్ క్రామర్ నూలు మిల్లుల గాలికి తేమ చేర్చే పద్ధతికి 'ఎయిర్ కండిషనింగ్' అని నామకరణం చేశాడు. నూలుకు తేమ పట్టించటాన్ని మిల్లువారు అప్పటికే కండిషనింగ్ అనేవారు. ఒకరిది తేమను తీసే పని, మరొకరిది చేర్చే పని. చల్లదనం దారిలో దొరికిన లాభం!

ఈ సంగతి సిరిసిల్ల వారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మానేరు ఒడ్డున ఉన్న ఆ ఊరు మరమగ్గాలకు రాకముందు చేతిమగ్గాల ఊరు. గాలి ఎండిపోతే పత్తినూలు పెళుసై తెగుతుందని నేతగానికి తెలుసు. గుంటమగ్గంలో పడుగు నేలకు చేరువగా ఉంటుంది కనుక నేలతేమ దానిని కొంత కాపాడుతుంది. కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు తునికాకును తడిపి, తడిగుడ్డలో చుట్టి ఉంచేదీ ఇందుకే. ఎండిన ఆకు చుట్టబోతే చిట్లుతుంది. కారియర్‌కూ క్రామర్‌కూ సమస్యగా తోచినది వీరికి నిత్యానుభవం.

మనుషుల కోసం మన వేసవిలో వాడినవి వట్టివేళ్ళ తడకలు. తడిపిన తడక గుండా వడగాలి వస్తే, నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. తరువాత వచ్చిన కూలరు కూడా ఆ తడకే, దానికొక ఫ్యానూ మోటారూ తోడయ్యాయి, అంతే. జగిత్యాల ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది. అయితే దానికి కిటికీ తెరిచి ఉండాలి, తడిగాలి బయటికి పోవాలి. ఏసీకి సరిగ్గా దీనికి వ్యతిరేకం. తరతరాల తడక అలవాటుతో కిటికీ ఓరగా తెరిచి, పైగా అదే గదిలో కూలరు కూడా నడిపి, 'ఏసీ చల్లబరచటం లేదు' అని మెకానిక్కును పిలిచే ఇళ్ళు ఉన్నాయి. కూలరు పోసిన తేమనంతా ఏసీ మళ్ళీ పిండుకోవలసి వస్తుంది మరి!

యంత్రం పుట్టుక తెలిస్తే దాని జబ్బు కూడా కొంత తెలుస్తుంది. బయటి గొట్టం నుండి నీరు కారటం రోగం కాదు, దాని జన్మధర్మం. గదిలోకి కారితేనే తప్పు. అప్పుడు చాలాసార్లు గొట్టంలో దుమ్మూ పాచీ అడ్డుపడి ఉంటాయి. లోపలి జాలీలో దుమ్ము పేరుకుంటే చల్లని గొట్టాల మీదికి చాలినంత గాలి పోక మంచు కడుతుంది. మగ్గాల ఊళ్ళో, నూలుధూళి గాలిలో తిరిగే చోట, జాలీని పదిహేను రోజులకొకసారైనా కడగటం మేలు. బయట పెట్టిన పెట్టె గదిలోని వేడిని గాలిలోకి వదలాలి. దానిని గోడల మధ్య ఇరికించినా, నడినెత్తి ఎండలో దాని ముందు సామాను పేర్చినా ఆ పని కుదరదు. రిమోటులో మంచుపువ్వు గుర్తుకు బదులు ఫ్యాను గుర్తు ఉన్నదేమో కూడా చూడాలి. నవ్వులాటగా అనిపించినా ఇది తరచు జరిగేదే.

కరెంటు సంగతి వేరు. పోయి వచ్చిన వెంటనే ఏసీ ఉత్తగాలి విసిరితే కంగారు పడనక్కరలేదు. గొట్టాలలోని పీడనం సర్దుకునే దాకా, సుమారు మూడు నిమిషాలు, కంప్రెసరు ఆగి ఉంటుంది. ఓల్టేజి పడిపోయే సాయంకాలాలలో అది అసలే మొదలు కాకపోవచ్చు. స్టెబిలైజరు మీది అంకె ఒకసారి చూసుకోవాలి.

అన్నట్టు, 'ఒకటిన్నర టన్ను' అనటంలోని టన్ను కూడా చరిత్రే. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజులో కరుగుతూ పీల్చుకునే వేడి ఆ కొలతకు ఆధారం. ఏసీలు మంచుగడ్డల వ్యాపారానికి వారసులన్నమాట. బహుశా ఈ మంచు పోలికే గ్యాసు విషయంలో మనల్ని పెడదోవ పట్టిస్తున్నది. మంచుగడ్డ కరిగిపోతుంది, గ్యాసు మాత్రం ఖర్చు కాదు. అది మూసిన గొట్టాలలో ద్రవమూ ఆవిరీ అవుతూ తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. గల్ఫు నుండి కొడుకు పంపిన డబ్బుతో ఏసీ పెట్టుకున్న ఇంట ఏటా 'గ్యాసు అయిపోయింది' అని వేలు గుంజటం నాకు అన్యాయంగానే తోస్తుంది. రాగి గొట్టాల అతుకుల దగ్గర నూనె జిడ్డు ఉన్నదేమో మనమే చూడవచ్చు. చిల్లు ఎక్కడుందో చూపించి, మూసి, గాలి లాగేసిన తరువాతనే గ్యాసు నింపమని అడగవచ్చు. నింపే పని మాత్రం మెకానిక్కుదే. ఇప్పటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 కొద్దిగా మండే స్వభావం గలది.