పరదేశమునకు సాగిన ప్రభుత్వ హస్తము

పిట్టలవానిపాలెము వంటి గ్రామములనుండి పిల్లలు నేడు అమెరికాకును కెనడాకును చదువులకై పోవుచున్నారు. సముద్రము దాటినవానిని స్వదేశ ప్రభుత్వము వెంటాడజాలదని మనము తలంతుము. అట్లు కాదని నూఱేండ్లకు పూర్వమే యొక తెలుగువాడు తెలిసికొనెను.

కనిగిరి వాస్తవ్యులగు దరిశి చెంచయ్యగారు 1912లో విద్యార్థిగా అమెరికా చేరి, గదర్ పక్షమున కలిసిరి. అచ్చట మనసులోని మాట నిర్భయముగా వ్రాయవచ్చునని నమ్మిన యా యువకుల వెనుక హాప్కిన్సన్ అను నుద్యోగి తిరుగుచుండెను. పూర్వము కలకత్తా పోలీసువాడు, హిందీ యెఱిగినవాడు. కెనడా వలస శాఖలో కొలువుండి, లండనులోని ఇండియా ఆఫీసునకు వర్తమానము లంపుచు, అమెరికా వలస శాఖకును తోడ్పడెను. ఇక బాధితుడు ఏ ప్రభుత్వమునొద్ద మొఱపెట్టుకొనవలెను? 1914 అక్టోబరు 21న వాంకూవరు న్యాయస్థానమునందే మేవాసింగు అతనిని కాల్చిచంపెను. 1915 జనవరిలో మేవాసింగు ఉరికంబ మెక్కెను. ఈ హత్యను మేము మెచ్చము. మొఱ వినువారు లేనిచోట నిట్టిది పుట్టుట వింతయు గాదు.

చట్టములు లేకపోలేదు. అవి వెంటాడువాని పక్షముననే యుండెను. 1914 సెప్టెంబరులో హిందూదేశ ప్రభుత్వము, విదేశములనుండి తిరిగివచ్చువారిని నిర్బంధించుటకు ఆర్డినెన్సు చేసెను. అమెరికా తన తటస్థతా శాసనము క్రింద గదర్ వారిపై అభియోగము నడపెను. 1917 నవంబరునుండి 1918 ఏప్రిలు వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో సాగిన యా విచారణకు బ్రిటిషు గూఢచారులు సమకూర్చిన సాక్ష్యమే పెక్కు. చెంచయ్యగారు ఇంతకుముందే సయాములో పట్టువడి, హిందూదేశపు చెరసాలలలో ఏండ్లు గడపిరి. సయాము స్వతంత్ర రాజ్యమే సుమా!

ఆ బాధకు విరుగుడైన శాసనములు నిన్న మొన్న పుట్టినవి. 2023లో బ్రిటను జాతీయ భద్రతా చట్టము చేసెను. 2024 జూన్ 20న ఆమోదము పొందిన కెనడా చట్టము, అన్యప్రభుత్వము తరఫున ఒకనిని బెదిరించుటను, హింసించుటను యావజ్జీవ శిక్షార్హమగు నేరముగా నెన్నినది. అంతకు ముందు, 2023 సెప్టెంబరులో, కెనడా ప్రధాని మన ప్రభుత్వముపైనే యిట్టి యారోపణ చేయగా, మనవారు దానిని త్రోసిపుచ్చిరి. నిజము న్యాయస్థానము తేల్చుగాక. చెంచయ్యగారిని తలచుకొని గర్వించు మనము, ఆ విచారణను రోషముతో గాక ఓర్పుతో వినవలెనని మా యభిప్రాయము.

ఇంకొక చిక్కు మిగిలినది. కుమారుడు టొరాంటోలో వ్రాసిన వ్రాతకై, ఇచ్చట వాని తల్లి గుమ్మమున నిలిచి, "మీవాడు అక్కడ ఏమి చేయుచున్నాడమ్మా?" అని మెల్లగా నడుగువానిని పట్టుటకు కెనడా యధికారి రాజాలడు.